పది గడుల్లో పట్టే మాట

మా అక్క నాతో మాట్లాడటం మానేసిన రెండో ఎండాకాలంలో, మా ఇద్దరి మధ్యకి అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి వచ్చింది.

నిజానికి మానేసింది అక్కా, నేనా అన్నది అడిగేవాళ్ళని బట్టి మారుతుంది. నాన్ననడిగితే, "ఇద్దరూ ఒకే రోజు మానేశారు. ఆ ఒక్క విషయంలో మాట కలిసింది" అనేవాడు.

మాకు రేవులో ఒక పడవ ఉంది. నది ఎక్కడో కొండల్లోంచి గబగబా దిగి వచ్చి, ఇక పరుగెత్తే ఓపిక లేనట్టు మా ముందు వెడల్పుగా పడుకుంటుంది. ఈ ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు పెన్సిలుతో గీసిన గీతలా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున ఆ గీతా చెరిగిపోతుంది. నాన్న మోకాళ్ళు మొరాయించాక పడవని మేమిద్దరం పంచుకున్నాం. తెల్లవారిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా అక్క, అక్కణ్ణుంచి పొద్దుగూకేదాకా నేను. పెళ్ళికొడుకులు దొరక్క పడవనే కట్టుకున్నారని రేవులో నవ్వుకునేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం, అమ్మ ఉన్నన్నాళ్ళు.

అమ్మ పోయిన వారానికే అక్క తన బట్టలూ దుప్పటీ మూట కట్టుకుని, రేవు వీధి చివర దర్జీ కొట్టు మీదున్న గదిలోకి మారిపోయింది. మధ్యాహ్నం పడవ కట్టేసి, నేను రాకముందే ఆ వీధిలోంచి వెళ్ళిపోయేది. నేను రెల్లు పక్కనున్న కాలిబాటన వచ్చేదాన్ని. రేకుల పందిరి కింద నాన్న ఒక్కడే కూర్చుని ఉండేవాడు. ఆయన నోటి మీదుగానే పడవ సంగతులన్నీ నాకు అందేవి.

"డీజిల్ సగం ఉందట."

"సరే."

"ముందు తాడు పీచు లేస్తోందట. చూసుకోమంది."

"చూసుకుంటానని చెప్పు."

ఏడాది పైగా మా అక్కాచెల్లెళ్ళ మధ్య మిగిలిన చుట్టరికం ఆ "అట" ఒక్కటే.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఎండలు ముదిరేసరికి నీళ్ళు ఎంత తగ్గిపోయాయంటే, ఎప్పుడూ లేని చోట ఇసుక మేటలు లేచాయి. లేచినవి కనిపిస్తే ఫరవాలేదు. జానెడు నీళ్ళ కింద దాక్కుని కూర్చునేవాటితోనే ప్రాణసంకటం. పైగా అవి ఉన్నచోట ఉండవు, ఇవాళ ఇక్కడుంటే ఎల్లుండికి ఇరవై గజాలు జరుగుతాయి. అలాంటి రోజుల్లో జలమార్గాల ఆఫీసు నుంచి కళ్ళద్దాలాయన ఒకాయన వచ్చి ఆ యంత్రాన్ని నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"దీన్ని జీపీఎస్ అంటారు. పైన ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. వాటి సంకేతాలు అందుకుని మీరెక్కడున్నారో ఇది చెబుతుంది," అన్నాడాయన.

"నేనెక్కడున్నానో నాకు తెలుసు కదండీ," అన్నాడు నాన్న.

"నీళ్ళ కింద ఇసుక ఎక్కడుందో తెలుసా?"

"నిన్న ఎక్కడుందో తెలుసు."

"అదే నేను చెప్పేది. ఇవాళ్టిది ఇందులో దాచుకోండి."

ఇసుక తగిలిన చోటల్లా ఒక మీట నొక్కి పట్టుకుంటే, బూడిదరంగు తెర మీద చిన్న జెండా నిలబడుతుంది. ఆ జెండాకి యంత్రమే ఒక అంకె వేస్తుంది. అంకె నచ్చకపోతే మనం పేరు పెట్టుకోవచ్చు. అందుకు పది గడులుంటాయి, గడికొక అక్షరం. అవీ ఇంగ్లీషు అక్షరాలే, తెలుగు మాటైనా వాటితోనే పేర్చుకోవాలి. ఒక్కో అక్షరం కోసం మీటని అటూ ఇటూ తోసుకుంటూ వెళ్ళాలి. వానలు పడి నీళ్ళు పెరిగాక వచ్చి ఆ గుర్తులన్నీ ఎత్తి రాసుకుంటానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

యంత్రం ఒకటే కాబట్టి పడవతో పాటు అదీ చేతులు మారేది. మధ్యాహ్నం దాన్ని నేను తీసుకునేసరికి అక్క అరచేతి చెమట ఇంకా దాని వెనకాల తడిగా ఉండేది.

మొదటి వారమంతా అంకెలే. ఎనిమిదో రోజున, మూడో మలుపు దగ్గర జెండా పక్కన అంకెకి బదులు ఒక మాట కనిపించింది.

"నిదానం."

ముందురోజు సాయంత్రం సరిగ్గా అక్కడే నేను నీళ్ళలో తిరిగే ఇంజిన్ పంకా రెక్కని ఇసుకకి రాసేశాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున పడవ తీయగానే పంకా చప్పుడులోనే అక్కకి తెలిసిపోయి ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. దాని పక్కనే ఇంకో జెండా పాతి, అవతలి ఒడ్డున జనం ఎక్కేలోగా కూర్చుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ పేరు పెట్టాను. "తెలుసు."

మర్నాడు: "వంగింది."

నేను: "ఎవరివల్ల."

ఆ మర్నాడు: "నీవల్లే."

ఈ భాగోతం మొదట పసిగట్టింది టీచరమ్మ. ఆవిడ అవతలి ఒడ్డు బడిలో లెక్కలు చెప్పేది, వేసవి సెలవుల్లో తప్పినవాళ్ళకి కూడా. పొద్దున అక్క పడవలో వెళ్ళి, సాయంత్రం నా పడవలో తిరిగొచ్చేది. అందుకని మా ఇద్దరి ముఖాలూ ఒకే రోజున చూసే మనిషి, నాన్న కాక, ఆవిడ ఒక్కతే. చుక్కాని పక్కన కూర్చుని యంత్రం తెరకేసి తల వంచి చూసి, "మీ అక్క ఇది రాస్తూ పొద్దున నవ్వుకుంది," అంది.

"నవ్విందా?"

"పెదవి ఒక పక్కకి వెళ్ళింది. మీ ఇంట్లో దాన్ని నవ్వనే అంటారుగా."

సాయంత్రం పాల క్యాన్లతో అవతలి ఒడ్డున ఎక్కే పాలాయన కూడా రోజూ అడగటం మొదలుపెట్టాడు. "ఇవాళేం రాసింది పెద్దమ్మాయి?" నేను చదివి వినిపిస్తే క్యాన్ మీద దరువు వేసి, "బాగుంది, రేపటి దాకా ఆగాలన్న మాట," అనేవాడు.

యంత్రం రాత్రికి నాతో ఇంటికొచ్చేది, తెల్లారి నాన్న దాన్ని రేవుకి తీసుకెళ్ళేవాడు. బ్యాటరీలు మార్చడానికి ముందు నాన్న కాసేపు దానితో ఆడుకునేవాడు. వాకిట్లో నడిచి, పెరట్లో నడిచి, తన కుర్చీకొక జెండా, నూతికొక జెండా పాతాడు. రేవులో రేకుల పందిరి దగ్గర "టీ తాగు" అని పెట్టింది ఆయనే. ఒకరోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుని, నన్ను పిలిచి తెర చూపించాడు. కుర్చీ చుట్టూ పిచ్చిగీతల్లాంటి దారి ఒకటి గీసి ఉంది.

"నేను కదల్లేదే. ఇదేంటి, నేను తిరిగినట్టు గీసింది?"

"అంతే నాన్నా. నాలుగడుగులు అటూ ఇటూ పోతుందట. పైనుంచి చూసేవాటికి అంత కచ్చితంగా తెలీదు."

"పోన్లే, కూర్చున్నచోటే తిరిగొచ్చాను," అని దాన్ని నా చేతికిచ్చాడు.

ఎప్పుడు మారిందో సరిగా చెప్పలేను గానీ, ఎండలు నడినెత్తికెక్కేసరికి అక్క జెండాల గొంతు మారింది. మేటలు లేని చోట కూడా జెండాలు కనిపించసాగాయి. దారికి కొంచెం ఎడంగా, రెల్లు పొదల వైపు ఒకచోట "గుడ్లున్నాయ్" అని ఉంది. ఇంజిన్ తగ్గించి చూస్తే, చాప వెడల్పున్న ఇసుక మీద మూడు చుక్కల గుడ్లు, వాటి మీద తన నీడ పరుచుకుని నిలబడ్డ ఒక తెల్లపిట్ట. ఆ రోజు నుంచి నేను అక్కడ చుట్టూ తిరిగి వెళ్ళాను. ఇంకోచోట "చల్లన" అని ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టాను. నది అంతా గోరువెచ్చగా ఉంటే అక్కడ రెండు పడవల పొడవు మేర నీళ్ళు మంచులా ఉన్నాయి. అడుగున ఊట ఉండాలి. ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళ మీదే బతుకుతూ నాకా సంగతి తెలీదు.

అప్పుడు తట్టింది. నాకు ఆ నది పొద్దుటిపూట ఎలా ఉంటుందో తెలీదు. అక్కకి సాయంత్రాలు తెలీదు. ఒకే ఇంట్లో రెండు గదుల్లా దాన్ని పంచుకున్నాం, ఒకరి గదిలోకి ఒకరు తొంగి చూడకుండా. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు నీళ్ళని తాకే వేళకి ఇంజిన్ ఆపేశాను. పడవలో అందరూ మాటలాపేశారు. ఎరుపు మా చుట్టూ పాకి, టీచరమ్మ పుస్తకాల సంచీ దాకా, పాత చెక్కల సందుల దాకా వచ్చింది. ఆ చోట జెండా పాతి "ఎర్ర నీళ్ళు" అని రాశాను. మర్నాడు మధ్యాహ్నం అక్క పడవ కట్టేసి వెంటనే వెళ్ళిపోలేదట. పందిరి కింద నిలబడి, "సాయంత్రం ఆరున్నరకా, ఏడుకా?" అని నాన్నని అడిగిందట.

"నేనేమో దేనికి అని అడిగా. ఏం లేదంది," అన్నాడు నాన్న.

అలా కొన్ని వారాలు గడిచాయి. పొద్దున్నే పొగమంచు ఎక్కడ తెర కట్టినట్టు నిలబడుతుందో నాకు తెలిసింది. చీకటి పడేవేళ చేపలు ఎక్కడ ఎగురుతాయో అక్కకి తెలిసింది. నిద్రలో నవ్వుకున్నట్టుండేవి ఆ రోజులు. ఇసుక మేటల మధ్య సన్నటి నీటిదారిలో పోతుంటే, తెర మీద మా జెండాలు ఒక్కొక్కటే ఎదురొచ్చి, పలకరించి, వెనక్కి పోయేవి.

ఒక సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి అవతలి ఒడ్డున జనాన్ని దించేసి ఖాళీగా తిరిగొస్తున్నాను. తెర మీద కొత్త జెండా ఒకటి కనిపించింది. అది దారిలో లేదు. నీటిదారి అక్కడ పెద్ద కొడవలిలా వంపు తిరిగి రేవుకి వస్తుంది. ఆ జెండా మాత్రం వంపుకి లోపల, మా పెరటివైపు తిన్నగా వచ్చే చోట ఉంది. ఏ కాలంలోనైనా అక్కడ లోతు తక్కువే, అటు ఎవరూ వెళ్ళరు. జెండా పక్కన రెండు ముక్కలు.

"ఆ రోజు."

ఏ రోజో నాకు అర్థం కాలేదు. ఏదైనా చూడమంటోందేమో అనుకుని ఇంజిన్ తగ్గించి, గడతో లోతు చూసుకుంటూ అటు తిప్పాను. లోతు తగ్గుతూ వచ్చింది. యంత్రం చేరుకున్నట్టు కూత పెట్టేసరికి పడవ అడుగు ఇసుకని తాకి, మెత్తగా ఆగిపోయింది. గడని పక్కకి దించితే చివరి దాకా దిగింది. మేట చుట్టూ అంతా బురద. దిగితే నడుం దాకా కూరుకుపోవాల్సిందే.

తలెత్తి చూశాను. ఎదురుగా మా ఇల్లు. రేవు నుంచి కనిపించేది ఇంటి ముందు భాగం. ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నది పెరడు, నుయ్యి, అమ్మ పడుకున్న గది కిటికీ. కిటికీ తెరిచి ఉంది. నాన్న లోపల దీపం వేస్తే, గోడ మీద ఆయన నీడ కదలటం కూడా కనిపించింది. కేకేస్తే వినబడదు గానీ, ఎవరు లోపలికొచ్చారో, ఎవరు బయటికెళ్ళారో తెలుస్తుంది.

నేనక్కడ ఎంతసేపు కూర్చున్నానో. పడవని వెనక్కి నెట్టుకోవటానికే గంట పట్టింది, అదీ గాలి నావైపున్నందుకు.

అమ్మ పోయిన రోజున నాన్న పొద్దున తొమ్మిదింటికి అక్కకి ఫోన్ చేశాడు, వెంటనే రమ్మని. అవతలి ఒడ్డు నుంచి ముప్పావుగంట దారి. అక్క వచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పటికి అమ్మ లేదు. నడుం దాకా తడిసి, గుమ్మంలో నిలబడ్డ అక్కని చూసి, ఇంటినిండా జనం ఉండగా నేనన్న మాట ఒక్కటే. "ట్రిప్పులన్నీ అయ్యాయా?" పడవ నడిపేవాళ్ళు తడిసే ఉంటారు. ఆ తడి నడుం దాకా ఎందుకుందని నేను అడగలేదు.

మర్నాడు టీచరమ్మ పడవెక్కగానే అడిగాను. "ఆ రోజు పొద్దున మీరు అక్క పడవలోనే వెళ్ళారా? అమ్మ పోయిన రోజు."

ఆవిడ సంచీ ఒళ్ళో సర్దుకుంది. "వెళ్ళాను. నేను దిగుతుండగానే ఫోనొచ్చింది. ఎక్కబోతున్నవాళ్ళని చెయ్యి అడ్డం పెట్టి ఆపేసి, ఒక్కతే పడవ తిప్పుకుని వెళ్ళిపోయింది. వెనక్కి కూడా చూడలేదు. నీకు తెలీదా?"

"తెలీదు."

"నీకు తెలుసనుకున్నా."

పాలాయన క్యాన్ల మధ్యనుంచి గొంతు సవరించుకున్నాడు. "ఒడ్డునున్నవాళ్ళలో నేనూ ఉన్నా. అప్పట్లో పొద్దుటిపాలు తెచ్చేవాణ్ణి. రెండు క్యాన్ల పాలు విరిగిపోయాయి ఆ రోజు. నేను మాత్రం ఎవరితోనూ ఒక్కమాట అనలేదు," అన్నాడు. క్యాన్ మూత బిగిస్తూ, "వంపు తిరక్కుండా తిన్నగా ఇంటివైపు పోనిచ్చింది. నీళ్ళు చాల్తాయో లేదో అనుకున్నా," అని తల దించుకున్నాడు.

నీళ్ళు చాలలేదు. తొందరలో దగ్గరదారి పట్టింది. ఆ మేట మీద చిక్కుకుపోయింది. నది మధ్యలో ఫోను పలకదు. ముందుకీ వెనక్కీ పోలేక, ఒక్కతే బురదలో దిగి పడవని నెడుతూ, ఆ కిటికీని చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఇంటికొచ్చి నా మాట విన్నది.

రాత్రి అన్నం దగ్గర నాన్నని అడిగాను, ఆయనకి తెలుసా అని.

"పడవ అడుగు చూశాను కదా, ఇసుక గీరుకుని ఉంది. అడిగా. చెల్లికి చెప్పొద్దంది."

"ఎందుకు?"

"చెబితే సాకులా ఉంటుందంది." ఆయన కంచంలో వేళ్ళు కదుపుతూ ఉండిపోయాడు. "నేనూ తప్పు చేశాలే. మీరిద్దరూ మీ అంతట మీరే దార్లో పడతారనుకున్నా."

దర్జీ కొట్టు మెట్ల దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను. ఎదురుగా నిలబడితే నోరు పెగలదని తెలుసు. ఆ మర్నాడు సాయంత్రం మళ్ళీ ఆ మేట అంచు దాకా, పడవ తగలనంత దూరంలో ఆగి, యంత్రం ఒళ్ళో పెట్టుకున్నాను. "ఆ రోజు" పక్కన ఇంకో జెండా పాతాను. "తప్పు నాది" అని అక్షరాలు పేర్చాను. మధ్యలో విడిచిన జాగాతో కలిపి పది గడులూ సరిగ్గా నిండాయి. ఇంకొక్క అక్షరానికి కూడా చోటు లేదు. ఉంటే ఏం రాసేదాన్నో.

మర్నాడు మధ్యాహ్నం రేవుకి కాస్త ముందే వెళ్ళాను. అక్క అప్పటికే వెళ్ళిపోయింది. యంత్రం తెరిచి వెతికాను. "ఆ రోజు" అలాగే ఉంది. దాని పక్కనున్న నా జెండా కూడా అక్కడే ఉంది. పేరు మాత్రం మారింది.

"ఇసుకది."

పందిరి కింద కూర్చున్న నాన్న నా ముఖం చూసి లేవబోయాడు. "ఏమైందే?"

"ఏం లేదు," అన్నాను. టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, అది చల్లారేదాకా తాగకుండా పట్టుకున్నాను.

ఇంత జరిగాక కూడా మేము మాట్లాడుకోలేదంటే వింతగా ఉంటుంది. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా. రాసుకోవటం అలవాటైపోయింది, నోరు విప్పటం మర్చిపోయాం. అక్క మాత్రం రోజూ నాలుగైదు జెండాలు పాతుతూ వచ్చింది. ఈసారి అన్నీ నీటిదారి మధ్యలోనే, పూసలు గుచ్చినట్టు ఒక వరసలో. "మెల్లగా." "ఎడమకి." "ఇంకా ఎడమ." "లోతుంది." ఆ దారి నాకు కంఠతా వచ్చు, ఇవన్నీ ఎందుకా అనుకున్నాను.

ఎందుకో రెల్లు తగలబెట్టిన రోజున తెలిసింది. ఏటా ఎండాకాలం చివర్లో కోత అయిపోయాక, కొత్త చిగురు కోసం ఒడ్డు వెంట మోళ్ళకి నిప్పు పెడతారు. మామూలుగా పొగ నేల మీదికే పోతుంది. ఆ రోజు పడవ నది సగం దాటాక గాలి తిరిగింది. మొదట వాసన వచ్చింది. తర్వాత అవతలి ఒడ్డు పోయింది, తర్వాత ఇవతలి ఒడ్డు. ఇంకో నిమిషానికి పాలాయన "అమ్మాయ్, నాకు పడవ ముందుకొన కనిపించటంలేదు," అన్నాడు. పడవలో పదకొండు మందిమి ఉన్నాం. దారికి రెండువైపులా మేటలు, వాటి చుట్టూ బురద. ఆగి ఉందామంటే ప్రవాహం ఎటో నెడుతుంది, ఊపిరాడటం కూడా కష్టంగా ఉంది.

పొగమంచులో పడవ నడిపే అలవాటు నాకు లేదు. ఆ పొద్దుటిపూటలన్నీ అక్కవి.

కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే నాకు తెర సరిగా ఆనలేదు. యంత్రాన్ని టీచరమ్మకిచ్చాను. "చదవండి. ఏ జెండా దగ్గరికొస్తే దాన్ని చదవండి."

ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తరగతిలో ఎక్కం చెప్పించే గొంతుతో చదివింది. "మెల్లగా." నేను ఇంజిన్ తగ్గించాను. "ఎడమకి." తిప్పాను. "ఇంకా ఎడమ." తిప్పాను. తెల్లటి పొగలో ఏదీ కదలటంలేదు. మేము ముందుకి పోతున్నామో, నిలబడే ఉన్నామో, పైకి లేస్తున్నామో తెలీలేదు. కలలో నడిచినట్టుంది. టీచరమ్మ గొంతులో అక్క మాట ఒక్కొక్కటే వచ్చి నా చెయ్యి పట్టుకుని తర్వాతి మాటకి అప్పగిస్తోంది. "లోతుంది." "తిన్నగా." "తిన్నగా." ఎవరో ముసలాయన దగ్గుతూనే, "ఇంకా ఏమంది, ఇంకా ఏమంది," అని అడుగుతున్నాడు.

"భయంలేదు," అని చదివింది టీచరమ్మ. తెరని దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది. "అవునమ్మా, భయంలేదు అనే ఉంది."

అది వంపు దాటిన చోటు. అక్కణ్ణుంచి రేవు దగ్గరే. కానీ రేవులో రాతి స్తంభాలున్నాయి, వాటి మధ్య సందు పడవ వెడల్పుకి కాస్తే ఎక్కువ. నాలుగడుగులు అటూ ఇటూ చూపే యంత్రం అక్కడ పనికిరాదు. నేను చుక్కాని గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు పొగలోంచి గొంతు వినబడింది.

"ఉడతా, ఇంజిన్ ఆపెయ్. గడ తీసుకో."

చిన్నప్పుడు నన్నలా పిలిచేది అక్కే.

"కుడివైపు రాయుంది. ఎడమకి నొక్కు. ఇంకొంచెం. అబ్బ, అంత కాదు, గుద్దుతావ్."

"తెలుసు," అన్నాను.

"తెలిస్తే నొక్కవే మరి."

నొక్కాను. పడవ పక్క రాయిని రాసుకుంటూ లోపలికి జారింది. పొగలోంచి ఒక చెయ్యి వచ్చి తాడందుకుంది. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది అక్క. వెనకాల మెట్ల మీద నాన్న, తడిగుడ్డ ముఖానికి కట్టుకుని. అక్క ఒక్కొక్కర్నీ జబ్బ పట్టుకుని దించింది. పాలాయన క్యాన్లని కూడా దించింది. చివరికి నన్ను చూసి, "పొద్దున్నే ఆ కోతవాళ్ళకి చెప్పాను, గాలి చూసుకుని పెట్టండ్రా అని," అంది, పొగ సంగతి తప్ప మా మధ్య వేరే సంగతే లేనట్టు.

"ఎవరు వింటారు," అన్నాను.

"ఎవరూ వినరు."

ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చి అన్నం తింది. తింటూ తింటూ పప్పులో ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. నాన్న వెంటనే ఉప్పు డబ్బా ఆమె ముందుకి జరిపాడు, ఆ మాట కోసమే ఏడాదిగా దాన్ని పట్టుకుని కూర్చున్నట్టు. నాలుగు రోజుల తర్వాత దర్జీ కొట్టు మీది గదిలోంచి మూట తిరిగొచ్చింది.

వానలు మొదలయ్యాయి. కొండల మీద ఎక్కడో కురిసిన నీళ్ళు ముందుగా వచ్చి మేటల్ని ఒక్కొక్కటే మింగేశాయి. కళ్ళద్దాలాయన రేపో మాపో వచ్చి యంత్రాన్ని తీసుకుపోతానని కబురంపాడు. ఒక మధ్యాహ్నం నేను రేవుకొచ్చేసరికి అక్క పడవలోంచి దిగలేదు. ముందుకొన దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, "నేనూ వస్తా పద. సాయంత్రం ఎలా ఉంటుందో చూద్దాం," అంది.

వెళ్ళేటప్పుడు జనం ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు మేమిద్దరమే. నది మధ్యకొచ్చాక అక్క చెయ్యెత్తి ఆపమంది. ఇంజిన్ ఆపేశాను. మబ్బు పట్టి ఉండటంతో ఎరుపేమీ లేదు, నీళ్ళూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఒక్కో చినుకూ ఒక చిన్న సున్నా చుట్టి మాయమవుతోంది. పడవ తనంతట తనే మెల్లగా తిరుగుతోంది.

అక్క నావైపు చూడకుండా అడిగింది. "చివర్లో అమ్మ ఏమైనా అందా?"

ఆ మాట ఏడాదిన్నరగా ఆమె ఎవర్నీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

"నువ్వొచ్చావా అని అడిగింది. రెండుసార్లు."

అక్క నీళ్ళలోకి చెయ్యి దించి, వేళ్ళ మధ్యనుంచి వాటిని పోనిస్తూ ఉంది.

"నువ్వేం చెప్పావ్?"

"వస్తోంది, దారిలో ఉంది అని చెప్పా. విని కళ్ళు మూసుకుంది." చుక్కాని మీది చినుకుల్ని చేత్తో తుడిచాను. "అప్పుడు నేను అబద్ధమే చెబుతున్నాననుకున్నా అక్కా. ఊరికే ఆవిడ మనసుకోసం."

వాన కాస్త గట్టిపడింది. అక్క జుట్టులోంచి నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. చెయ్యి నీళ్ళలోంచి తీయకుండానే, నెమ్మదిగా తల ఊపింది.

"ఆఁ," అంది. "దారిలోనే ఉన్నా."